హొరైజన్ వంగితే ముందు ప్లేటు చూడండి, యాప్ తర్వాత

ఒడిశాలోని గుణుపూర్ నుంచి పెళ్లి వీడియోలు తీసే మిత్రుడి ప్రశ్న ఇది. సోనీ ఏ7 త్రీ బాడీ, 24-105 లెన్స్, 2 కిలోలు మోసే త్రీ యాక్సిస్ గింబల్ (చేతి కుదుపుల్ని మూడు మోటార్లతో సర్ది కెమెరాని నిలకడగా ఉంచే పిడి). మహేంద్రగిరి కొండ మీద ప్రీ వెడ్డింగ్ షూట్ చేసి వచ్చినప్పటి నుంచి హొరైజన్ (ఫ్రేములో మట్టంగా ఉండాల్సిన అడ్డగీత) కుడివైపు వాలుతోంది. యాప్‌లో ఆటో క్యాలిబ్రేషన్ ఎన్నిసార్లు కొట్టినా పోవట్లేదు. పందిరి పైకప్పు వైపు టిల్ట్ చేస్తే వాలు ఇంకా పెరుగుతోంది. కెమెరాని కిందికి వంచితే హ్యాండిల్‌లో జుయ్‌మని అదురు. లాక్ మోడ్‌లో (హ్యాండిల్ తిరిగినా కెమెరా ఒకే దిక్కు చూసే పద్ధతి) పెట్టి వదిలేస్తే ఫ్రేము మెల్లగా పక్కకి జారుతోంది. విశాఖ సర్వీసుకి పంపాలా, ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

ఇప్పుడే పంపకండి. మీరు రాసినవి నాలుగు వేర్వేరు జబ్బుల లక్షణాలు. ఆటో క్యాలిబ్రేషన్ బటన్ వాటిలో మహా అయితే ఒకదానికి మందు. మిగతా మూడూ అలాగే ఉండగా ఎన్నిసార్లు కొట్టినా ఫలితం మారదు.

మొదట ఒక సంగతి. గింబల్‌కి మీ కెమెరా కనిపించదు. దాని మట్టం చూసే సెన్సర్ కెమెరాలో లేదు, కెమెరా ప్లేటుని మోసే టిల్ట్ ఆర్మ్ దగ్గర ఉంటుంది. కాబట్టి గింబల్ చేసే పనల్లా ఆ ఆర్మ్‌ని మట్టంగా ఉంచడమే. దాని మీద కెమెరా 2 డిగ్రీలు ఒరిగి కూర్చుంటే, ఆ 2 డిగ్రీలనీ జాగ్రత్తగా కాపాడుతూ షూట్ అంతా నడిపిస్తుంది. ఆటో క్యాలిబ్రేషన్ ఆర్మ్‌కి తన మట్టాన్ని గుర్తు చేస్తుంది, అంతే. ప్లేటు మీద కెమెరా ఎలా కూర్చుందో దానికి తెలియదు.

అందుకే మొదటి పని ప్లేటు. కెమెరా విప్పండి. ప్లేటు మీది రబ్బరు లేచిందేమో, కెమెరా అడుగుకీ ప్లేటుకీ మధ్య ఇసుక రేణువు గానీ పసుపు, అక్షింతల ముక్క గానీ ఇరుక్కుందేమో చూడండి. నవ్వకండి, పెళ్లిళ్లలో తిరిగే ప్లేట్లలో ఇది మామూలే. ఏ7 త్రీ అడుగు పెద్ద వెడల్పేమీ కాదు. 50 మి.మీ. వెడల్పు ప్లేటుకి ఒక అంచున 1 మి.మీ. ఎత్తు తేడా వస్తే ఒక డిగ్రీకి పైగానే వాలుతుంది. రెండు ముఖాలూ పొడి గుడ్డతో తుడిచి, పావు అంగుళం స్క్రూని చేతి వేళ్లతో బిగించి వదిలేయకుండా నాణెంతోనో అలెన్ కీతోనో బిగించండి.

బిగించేటప్పుడే కెమెరా పక్కకి తిరుగుతుంది. పైకి టిల్ట్ చేస్తే వాలు పెరగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. లెన్స్ సరిగ్గా టిల్ట్ ఇరుసుకి లంబంగా ఉండకుండా ఎడమకో కుడికో కాస్త తిరిగి ఉంటే, నేరుగా ముందుకి చూస్తున్నప్పుడు ఏ తేడా తెలియదు. పైకి లేపేకొద్దీ హొరైజన్ ఒక పక్కకి, కిందికి దించేకొద్దీ రెండో పక్కకి వంగుతుంది. ప్లేటు మీద 2 డిగ్రీలు తిరిగిన కెమెరాని 30 డిగ్రీలు పైకి లేపితే ఫ్రేము 1 డిగ్రీకి పైగా వాలుతుంది, 45 డిగ్రీలు లేపితే పూర్తిగా 2 డిగ్రీలు. స్టీలు స్కేలు ఒకటి తీసుకుని కెమెరా వెనక ముఖానికి ఆనించి పట్టుకోండి. అది ప్లేటు వెనక అంచుకి సమాంతరంగా కనిపించాలి. ప్లేటుతో పాటు వచ్చిన లెన్స్ సపోర్టుని చాలామంది డబ్బాలోనే వదిలేస్తారు. 24-105 లాంటి లెన్స్ కింద అది ఉంటే జూమ్ రింగు తిప్పినప్పుడల్లా కెమెరా తిరిగిపోదు.

ఇది నిర్ధారించుకోడానికి తాపీ మేస్త్రీల తూకం గుండు చాలు. గది దూలానికి దారం కట్టి గుండు వేలాడదీయండి, ఫ్యాను ఆపండి. గింబల్‌ని ట్రైపాడ్ కాళ్ల మీద 3 మీటర్ల దూరంలో పెట్టి, దారం ఫ్రేము నట్టనడుమ పడేలా చూసి, టిల్ట్ సున్నా దగ్గర 10 సెకన్లు, 30 డిగ్రీలు పైకి 10 సెకన్లు, 30 డిగ్రీలు కిందికి 10 సెకన్లు రికార్డు చేయండి. గుండు దగ్గర్నుంచి దూలం దాకా దారం పొడుగ్గా ఉంటేనే మూడు కోణాల్లోనూ కనిపిస్తుంది. మూడింటిలోనూ వాలు ఒకేలా ఉంటే అది ఒరిగి కూర్చున్న ప్లేటో సెన్సర్ తేడానో. సున్నా దగ్గర నిటారుగా ఉండి పైకి ఒక వైపు, కిందికి మరో వైపు వాలితే కెమెరా ప్లేటు మీద తిరిగి ఉంది. రెండూ కలిసే ఉన్నాయనిపిస్తోంది మీ వర్ణన చూస్తే. ముందు తిరుగుడు సరిచేయండి, మిగిలిన వాలు సంగతి తర్వాత.

ఇక బ్యాలెన్స్. మీ జుయ్‌మనే అదురు ఇక్కడి నుంచే వస్తోంది. బాడీ 650 గ్రాములు, లెన్స్ 663 గ్రాములు, అంటే ప్లేటు కాక 1.3 కిలోలు. 2 కిలోల గింబల్‌కి ఇది బరువు కాదు, కాబట్టి గింబల్‌ని తప్పుపట్టొద్దు. షూట్‌లో ఏది ఎలా ఉంటుందో అలాగే ఉంచి బ్యాలెన్స్ చేయాలి: బ్యాటరీ, కార్డు లోపల, లెన్స్ క్యాప్ తీసి, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వాడేదుంటే పెట్టి, మైకు వాడేదుంటే కెమెరా నెత్తిన ఉండే హాట్ షూ మీద బిగించి, మెడ పట్టీ విప్పేసి. స్క్రీను బయటికి లాగి వాడే అలవాటుంటే లాగే ఉంచండి. మోటార్లు ఆపాలి, స్లీప్ కాదు, పవర్ ఆఫ్.

టిల్ట్‌కి రెండు తూకాలున్నాయి, ఎక్కువమంది ఒక్కటే చేస్తారు. రోల్ (పక్కకి వాలే ఇరుసు), పాన్ (ఎడమకీ కుడికీ తిరిగే ఇరుసు) లాకులు వేసి టిల్ట్ (పైకీ కిందికీ వంగే ఇరుసు) ఒక్కటే వదలండి. లెన్స్ ముందుకి చూస్తుండగా చేయి తీస్తే ముక్కు కిందికి పడితే కెమెరాని వెనక్కి, వెనక్కి వాలితే ముందుకి జరపండి. ఇది మొదటి తూకం, అందరూ చేసేది. రెండోదానికి లెన్స్‌ని నిలువుగా ఆకాశం వైపు తిప్పి వదలండి. లెన్స్ ముందుకి వాలి మళ్లీ మామూలు స్థితికి వచ్చేస్తే బరువు ఇరుసుకి కింద ఉంది, కెమెరాని ఎత్తు రైలు మీద పైకి లేపాలి. మీ వైపు వెనక్కి పడితే బరువు ఇరుసుకి పైన ఉంది, కిందికి దించాలి. మైకు, ఎల్ఈడీ లైటు పైన పెట్టిన సెటప్‌లు తరచూ ఇలా వెనక్కే పడతాయి.

ఈ రెండో తూకం వదిలేస్తే ఏమవుతుందంటే, బరువు కింద ఉన్న కెమెరా ముందుకి చూస్తున్నంతసేపూ గంట నాలుకలా బుద్ధిగా నిలబడుతుంది. బ్యాలెన్స్ బాగుందని మీరనుకుంటారు. వధూవరుల పాదాల మీదికో, తలంబ్రాల పళ్లెం మీదికో కెమెరాని వంచగానే ఆ బరువు తిరగబడుతుంది. 1.3 కిలోల కెమెరా గురుత్వ కేంద్రం ఇరుసు నుంచి 5 మి.మీ. కిందికి ఉందనుకోండి. కెమెరాని పూర్తిగా కిందికి వంచితే, ఇరుసుకి 10 సెం.మీ. దూరంలో 65 గ్రాముల రాయి కట్టినంత లాగుడు టిల్ట్ మోటార్ మీద పడుతుంది, 30 డిగ్రీలు వంచితే అందులో సగం. షాట్ అయ్యేదాకా మోటార్ దాన్ని పట్టుకునే ఉండాలి. వేడెక్కుతుంది, బ్యాటరీ తాగుతుంది, అదురుతుంది. ముహూర్తం దాకా బ్యాటరీ రాలేదనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇది.

రెండు తూకాలూ కుదిరాక కెమెరాని 45 డిగ్రీల దగ్గర వదలండి. అక్కడ కదలకుండా నిలబడితే టిల్ట్ అయినట్టే. నిలబడకపోతే రెండింటిలో ఒకటి ఇంకా తేడాగా ఉంది.

రోల్ సులువు: ఏ పక్కకి పడితే దానికి ఎదురు పక్కకి జరపండి. ఏ7 త్రీలో గ్రిప్, బ్యాటరీ కుడి పక్కన ఉంటాయి కాబట్టి మామూలుగా కుడికే పడుతుంది. పాన్‌ని చాలామంది ముట్టుకోరు, ఎందుకంటే హ్యాండిల్ నిటారుగా ఉంటే దాని లోపం బయటపడదు. హ్యాండిల్‌ని నేలకి సమాంతరంగా పడుకోబెట్టి, పాన్ లాకు తీసి, ఆర్మ్‌ని ఏ కోణంలో వదిలినా అక్కడే ఆగేలా పాన్ ఆర్మ్ జరపండి. వరుడి కారు వెంట హ్యాండిల్ వంచి పరిగెత్తినప్పుడు ఫ్రేము పక్కకి గుంజేది ఇది చేయకపోవడం వల్లే. పాన్ అయ్యాక టిల్ట్‌లో ముందు వెనకలు మళ్లీ మార్చారంటే పాన్ కూడా మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే కెమెరా ముందుకి జరిగితే పాన్ ఇరుసు నుంచి కూడా దాని దూరం మారుతుంది.

24-105తో ఒక చిక్కుంది. జూమ్ చేస్తే గొట్టం ముందుకి సాగి బరువు ముందుకి పోతుంది. 24 దగ్గర తూచి 105 దగ్గర షూట్ చేస్తే ముక్కు బరువు. ఈ లెన్స్‌ని 50 దగ్గర పెట్టి తూచండి, రెండు వైపులా మోటార్లు సర్దుకుంటాయి. ఎక్కువగా 24 దగ్గరే తీస్తారనుకుంటే 35 దగ్గర తూచినా పర్వాలేదు. గింబల్ మీద మాత్రమే వాడే లెన్స్ ఒకటి కొనే ఆలోచన ఉంటే, లోపలే జూమ్ అయ్యే రకం చూడండి. సోనీ 16-35 పవర్ జూమ్ ఎఫ్4 అలాంటిదే. హెచ్‌డీఎంఐ కేబుల్ వాడితే సన్నటిది, వంపు వదిలి కట్టండి. గట్టి కేబుల్ స్ప్రింగులా లాగితే ఎంత బాగా తూచినా వృథా.

ఇప్పుడు మోటార్ స్టిఫ్‌నెస్, అంటే కెమెరాని పట్టి ఉంచడానికి మోటార్ వాడే బలం. బ్యాలెన్స్ కుదిరాకే ఆటో ట్యూన్ కొట్టండి, ముందు కాదు. ఆటో ట్యూన్ చేసేదేమిటంటే మోటార్లని తానే సన్నగా అదిలించి, ఎంత బలం ఇస్తే కెమెరా నిలబడుతుందో కొలుచుకుంటుంది. బ్యాలెన్స్ తప్పిన కెమెరా మీద అది కొలిచే లెక్క తప్పుడు లెక్కే. గింబల్‌ని మినీ ట్రైపాడ్ మీద సిమెంటు నేల మీద పెట్టి చేయి తీసేయండి. పరుపు మీద వద్దు, పెళ్లి వేదిక చెక్కల మీద వద్దు, జనరేటర్ పక్కన అసలే వద్దు. తర్వాత కూడా జుయ్ మంటుంటే అదిరే ఇరుసు మీద వేలు ఆనించి ఏదో గుర్తుపట్టి, దాని స్టిఫ్‌నెస్ మాత్రం 5 చొప్పున తగ్గించుకుంటూ రండి, ఆగినచోట ఇంకో 5 తగ్గించి వదలండి. తగ్గించడం మరీ ఎక్కువైతే మీరు ఆగినా కెమెరా ఓ క్షణం ఊగి ఆగుతుంది, అడుగు అడుగుకీ ఫ్రేము తూలుతుంది. అదురు అంటే బలం ఎక్కువ, తూలడం అంటే బలం తక్కువ.

లెన్స్ మీది ఓఎస్ఎస్, బాడీలోని స్టెడీషాట్ (కెమెరా సొంతంగా కుదుపు తగ్గించే ఏర్పాట్లు) సంగతి కూడా ఇక్కడే. వైడ్‌లో నడిచేటప్పుడు ఫ్రేము మూలలు జెల్లీలా వణికితే గింబల్‌ని తిట్టకముందు కెమెరాలో స్టెబిలైజేషన్ ఆపి చూడండి. గింబల్ ఒక పక్క, సెన్సర్ ఒక పక్క ఒకే కుదుపుని సరిచేయబోతే వచ్చే గొడవ అది.

లాక్ మోడ్‌లో జారడం వేరే కథ. గింబల్‌లో రెండు రకాల సెన్సర్లు ఉంటాయి. జైరో ఎంత వేగంగా తిరుగుతున్నామో చెబుతుంది, యాక్సెలరోమీటర్ భూమి ఎటు ఉందో చెబుతుంది. రోల్, టిల్ట్‌లలో జైరో తప్పు చెప్పినా యాక్సెలరోమీటర్ సరిదిద్దుతుంది. పాన్‌కి ఆ అండ లేదు, ఎందుకంటే గిరగిర తిరిగినా భూమి కిందే ఉంటుంది. చాలా హ్యాండ్ గింబల్స్‌లో దిక్సూచి ఉండదు. అందుకే కదలకుండా ఉన్నప్పుడు జైరో చూపాల్సిన సున్నా కాస్త జరిగితే అది పాన్ జారుడుగా బయటపడుతుంది. ఫాలో మోడ్‌లో పాన్ హ్యాండిల్‌ని అనుసరిస్తుంది కాబట్టి అక్కడ కనిపించదు. హొరైజన్ క్యాలిబ్రేషన్ దీన్ని బాగుచేయదు. దీనికి కావాల్సింది జైరో క్యాలిబ్రేషన్, కొన్ని యాప్‌లలో సిస్టమ్ క్యాలిబ్రేషన్ అనే పేరు కింద ఉంటుంది.

జైరో సున్నా ఉష్ణోగ్రతతో జరుగుతుంది. మహేంద్రగిరి 1,501 మీటర్లు. మామూలు లెక్కన గుణుపూర్ కంటే పైన 8, 9 డిగ్రీలు చల్లన, తెల్లవారుజామున ఇంకా ఎక్కువ. హీటర్ వేసిన కారులోంచి తీసి చలిగాలిలో వెంటనే క్యాలిబ్రేట్ చేసి, తర్వాత మైదానంలో ఎండలో వాడితే జారుడు ఖాయం. ఎక్కడ షూట్ చేస్తారో అక్కడ బ్యాగు తెరిచి 15, 20 నిమిషాలు వదిలేసి అప్పుడు చేయండి. చేసేటప్పుడు గింబల్ బల్ల మీద ముట్టుకోకుండా ఉండాలి, బల్ల మీద ఫోను కూడా వైబ్రేట్ కాకూడదు. ఫోను పక్కన పెట్టుకుని యాప్ చూస్తుంటే ఫోను రింగయి మొత్తం చెడిపోతుంది, అందుకని ఏరోప్లేన్ మోడ్‌లో బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేసుకోండి.

కొన్ని కంపెనీల యాప్‌లు ఆరు వైపుల క్యాలిబ్రేషన్ అడుగుతాయి. ఒక్కో అక్షాన్నీ ఒకసారి పైకి, ఒకసారి కిందికి పెట్టమనడంలో అర్థం ఉంది: రెండు కొలతల్లో భూమి ఆకర్షణ ఒకదానికొకటి ఎదురై కొట్టేసుకుంటుంది, మిగిలేదే సెన్సర్ సొంత తప్పు. కానీ మీరు ఆనించే బల్ల, గోడ మట్టంగా లేకపోతే ఆ తేడా సరాసరి క్యాలిబ్రేషన్‌లోకి ఎక్కుతుంది. 1 డిగ్రీ అంటే మీటరుకి 17 మి.మీ., 60 సెం.మీ. టీపాయ్‌కి అటూ ఇటూ 10 మి.మీ. మన ఇళ్లలో నీళ్లు పోవడానికి వాలు పెట్టిన అరుగుల మీద ఇది చేయకూడదు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకోండి. అది మంచిదో కాదో ముందు చూడాలి: బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, రసమట్టాన్ని చివరలు మార్చి అదే చోట పెట్టండి. బుడగ అదే స్థానంలో ఆగితే రసమట్టం నిజం. బల్ల కాళ్ల కింద అట్టముక్కలు మడిచి పెట్టి రెండు దిశల్లోనూ మట్టం చేసుకోండి.

కెమెరాలోని లెవల్ గేజ్‌ని ప్రమాణంగా తీసుకోకండి. దానికి కూడా అటూ ఇటూ ఒక డిగ్రీ దాకా తేడా ఉండొచ్చు, మన కళ్లు పట్టే వాలు కంటే అది ఎక్కువ.

ఆటో హొరైజన్ క్యాలిబ్రేషన్ చివర్లో ఒక్కసారి, మట్టం చేసిన బల్ల మీద. ఆ తర్వాత మిగిలిన చిన్న వాలుని యాప్‌లో మనమే ట్రిమ్ చేయాలి, అంటే కొద్దికొద్దిగా సర్దాలి. దీనికి తూకం గుండు కంటే అడ్డదారం మేలు. మేస్త్రీలు వాడే సన్న ప్లాస్టిక్ గొట్టం 5 మీటర్లు తీసుకుని, బుడగలు లేకుండా నీళ్లు నింపి, గోడ మీద 3 మీటర్ల దూరంలో రెండు చోట్ల నీటి మట్టం పెన్సిల్‌తో గీయండి. ఆ రెండు గీతల మధ్య నూలుతాడు బిగువుగా కట్టండి. ఒక్క షరతు: తాడు ఎత్తు లెన్స్ ఎత్తుకి సరిగ్గా సమానంగా ఉండాలి. లెన్స్ కంటే పైన గానీ కింద గానీ ఉంటే కెమెరా గోడకి ఏమాత్రం వంకరగా ఉన్నా దూరం తేడా వల్ల తాడు వాలినట్టు కనిపిస్తుంది, మీరు లేని వాలుని సరిచేస్తారు. లెన్స్ ఎత్తులోనే ఉంటే కెమెరా కాస్త పక్కకి తిరిగి ఉన్నా తాడు అడ్డంగానే పడుతుంది. 50 దగ్గర జూమ్ ఉంచి తాడు ఫ్రేము మధ్యలో పడేలా పెట్టి రికార్డు చేసి కంప్యూటర్‌లో చూడండి. 3840 పిక్సెల్స్ వెడల్పు ఫ్రేములో 1 డిగ్రీ వాలితే తాడు ఎడమ చివరకీ కుడి చివరకీ 67 పిక్సెల్స్ తేడా. 7 పిక్సెల్స్ అంటే 0.1 డిగ్రీ. యాప్‌లో రోల్ ట్రిమ్‌ని ఆ లెక్కన మార్చి మళ్లీ ఒక క్లిప్ తీయండి. 10 పిక్సెల్స్ లోపు వస్తే వదిలేయండి, చూసేవాళ్లకి తెలియదు.

అలా చేసినా ఊరేగింపు వీడియోల్లో, ఘాట్ రోడ్ మీద కారులోంచి తీసిన వాటిలో హొరైజన్ వంగుతుంది. అది గింబల్ లోపం కాదు, దానికోసం మళ్లీ క్యాలిబ్రేషన్ కొట్టొద్దు. మలుపు తిరిగేటప్పుడు పక్కకి నెట్టే బలాన్ని యాక్సెలరోమీటర్ భూమి ఆకర్షణలో కలిపేసి చదువుతుంది. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న హెయిర్‌పిన్‌లో గంటకి 20 కి.మీ. వేగంతో తిరిగితే దానికి భూమి దాదాపు 12 డిగ్రీలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. చిన్న మలుపులో జైరోని నమ్మి ఆగుతుంది గానీ, మలుపు ఎంత పొడుగ్గా సాగితే అంత మెల్లగా అటు ఒరుగుతుంది, రోడ్డు నేరుగా వచ్చాక మెల్లగా సర్దుకుంటుంది. ఘాట్‌లో నేరుగా ఉన్న ముక్కల్లోనే తీయండి, మలుపులో తీయక తప్పకపోతే 5, 6 సెకన్ల ముక్కలు తీసి ఎడిట్‌లో తిప్పండి. ఎడిట్‌లో 1 డిగ్రీ సరిచేయడానికి 3 శాతం, 2 డిగ్రీలకి 6 శాతం జూమ్ పోతుంది, అది గుర్తుంచుకుని ఫ్రేము కాస్త వదులుగా కట్టండి.

సర్వీసుకి పంపాల్సినవి వేరు. పవర్ ఆపి ఒక్కో ఇరుసునీ వేళ్లతో మెల్లగా తిప్పండి. గరుకుగా, ఒక్కచోట పట్టినట్టు తగిలితే బేరింగు. అన్ని లాకులూ వేసి ప్లేటు చివర పట్టుకుని కదిపితే టకటకమంటే ఆర్మ్ జాయింటు వదులైంది. గోడ తాడు పరీక్షలో గింబల్‌ని ట్రైపాడ్ మీదే ఉంచి పాన్ మార్చినప్పుడల్లా వాలు మారిపోతుంటే, సెన్సర్ తేడా అలా ప్రవర్తించదు, ఆర్మ్ వంగిందో మోటార్ బలం చాలట్లేదో అనుకోవాలి. అప్పుడు విశాఖకైనా భువనేశ్వర్‌కైనా పంపండి. పంపేటప్పుడు మీ తాడు క్లిప్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఏ కెమెరా, ఏ లెన్స్, ఏ స్టిఫ్‌నెస్ విలువలతో తీసిందో కాగితం మీద రాసి జత చేయండి. లేకపోతే వాళ్లు ఖాళీ గింబల్‌ని బల్ల మీద ఆన్ చేసి, ఆటో క్యాలిబ్రేషన్ కొట్టి, బాగానే ఉందని తిప్పి పంపేస్తారు.